రెండున్నర గంటలు వెనక

నేను ఒక గోడ గడియారాన్ని. నన్ను చూసి బస్సుకు ఇంకా టైముందని కూర్చున్నవాళ్ళలో చాలామందికి బస్సు తప్పిపోయింది. అందులో నా తప్పు లేదు. నా ముళ్ళు సరిగానే తిరుగుతాయి. నన్ను తగిలించిన ఊరు ఒకటి, నేను టైము చెప్పే ఊరు ఇంకొకటి. అంతే.

నేను తయారైంది గుజరాత్‌లో, మోర్బీలో. రేకుల షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఒకరు చట్రం, ఒకరు అంకెల పలక, ఒకరు ముళ్ళు బిగించేవాళ్ళు. నాకు ముళ్ళు బిగించిన ఆమె ఇంట్లో రాత్రికి ఏం వండాలో పక్కామెతో మాట్లాడుతోంది. నా వంక చూడలేదు. చూడకుండానే నా వెనక సెల్ పెట్టి, చెవి దగ్గర ఆనించుకుని, నడుస్తున్నానని తెలిశాక అట్టపెట్టెలోకి దించింది. మనిషి చెవి అంత దగ్గరికి రావడం నాకు అదే మొదలు. తర్వాత మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

అక్కడి నుంచి కడపకు, కడపలో ఒక కొట్టు నుంచి రాజంపేటకు వచ్చాను. నన్ను కొన్నది ఓబులేసు. బస్టాండు ఎదుట ఆయనకు ఒక గది ఉండేది. అందులో సగం ఫోను బూత్, సగం ట్రావెల్స్. ఆ చుట్టుపక్కల నుంచి కువైట్‌కు పనికి పోయేవాళ్ళకు టికెట్లు తీసిచ్చి, జీపులో మద్రాసు దాకా తీసుకుపోయి విమానం ఎక్కించేవాడు. మద్రాసులో ఒక ఆఫీసు గోడ మీద ఊళ్ళ పేర్లతో గడియారాలు ఉండడం చూశాడట. తన కొట్లో కూడా అలా ఉంటే జనానికి నమ్మకం కలుగుతుందని ఒకే రకానివి రెండు కొన్నాడు. ఒకదాని కింద 'ఇండియా' అని కాగితం అంటించాడు. నా కింద 'కువైట్' అని అంటించి, నా వెనక చక్రం తిప్పి, రెండున్నర గంటలు వెనక్కి నడిపి, మేకుకు తగిలించాడు.

మా ఇద్దరి మధ్య మూరెడు దూరం. కొట్లోకి వచ్చినవాళ్ళంతా దాన్ని చూసేవాళ్ళు. పొరపాటున ఎవరైనా నన్ను చూస్తే ఓబులేసు తల ఎత్తకుండానే, "అది కాదు, పక్కది" అనేవాడు. మనుషులు గడియారాన్ని కనిపెట్టారు గానీ, ఏ గడియారాన్ని నమ్మాలో మాత్రం పక్కవాడు చెప్పాలి.

ఆ ప్రాంతంలో దూరాన్ని ఎవరూ కిలోమీటర్లలో అడగరు. కిలోమీటర్లలో చెప్తే వినరు. కోడూరు ఎంత దూరమంటే గంట అంటారు. తిరుపతి ఎంత దూరమంటే రెండున్నర గంటలు అంటారు. బస్సు ఎంతసేపు తిరిగితే ఊరు అంత దూరం. కువైట్ కూడా వాళ్ళకు అలాగే చెప్పాలి.

ఓబులేసు కొట్టుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, చెంగల్రాయుడి టైలరు కొట్టు. నేనున్న గోడ నుంచి అతని కుట్టుమిషను కనిపించేది. రెడీమేడ్ బట్టలు వచ్చాక మిషను నడిచే సమయం తగ్గింది. అతని భార్య పెంచలమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోదామని నిశ్చయించుకుంది. ఒక పొద్దున ఇద్దరూ టికెట్ కోసం వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. ఓబులేసు ఫోనులో ఉన్నాడు.

"ఎంత దూరమన్నా అది?" అని పెంచలమ్మ అడిగింది.

ఓబులేసు రిసీవరు చెవికి ఆనించుకునే టికెట్ మీద వేలు పెట్టి చూపించాడు. "ఏడుకు మద్రాసులో ఎక్కితే తొమ్మిదిన్నరకు ఆడ దిగుతావు."

చెంగల్రాయుడు వేళ్ళు మడిచాడు. "రెండున్నర గంటలు. తిరపతికి పోయినంతే గదా?"

ఓబులేసు తల ఊపాడు. ఆ ఊపింది ఫోనులో మనిషికో, ఎదుట మనిషికో నాకు తెలియదు. పెంచలమ్మ ముఖంలో ఏదో బిగుసుకున్నది సడలింది. తిరుపతికి ఆమె ఏడాదికి రెండుసార్లు పోయి వచ్చేది. పొద్దున పోయి సాయంత్రానికి రాగలిగిన చోటు అది. ఇద్దరూ బయటికి వెళ్ళారు. అంతసేపూ వాళ్ళ తల మీదే నేనున్నాను. ఇద్దరిలో ఎవరు తల ఎత్తినా తెలిసిపోయేది. నిజానికి ఆ తొమ్మిదిన్నర నా టైము, విమానం అయిదు గంటలు పోతుంది. మద్రాసుకు, కువైట్‌కు మధ్య దాదాపు మూడువేల ఎనిమిదివందల కిలోమీటర్లు.

ఆమె వెళ్ళాక రాజంపేటలో అతణ్ణి చాలామంది ఎత్తిపొడిచారు.

"ఏమబ్బీ, పెండ్లాన్ని అంత దూరం పంపించి నువ్వు ఈడ రవికలు కుట్టుకుంటాండావే?"

"యాడ దూరం? తిరపతికి పోయినంత. మీ ఆమె పుట్టింటికి పోవాలన్నా అంతకన్నా ఎక్కువ పట్టదా?" అనేవాడు చెంగల్రాయుడు. ఆ మాట అతనికి అండగా ఉండేది. రోజులో చాలాసార్లు అనేవాడు. ఎవరూ అడగకపోయినా అనేవాడు.

శుక్రవారాలు ఆమెకు తీరిక దొరికేది. బూత్‌కు ఫోను చేసేది. ఓబులేసు గుమ్మంలోకి వచ్చి చప్పట్లు కొడితే చెంగల్రాయుడు మెడలో టేపుతోనే రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చేవాడు. ఏం తిన్నావు, ఎండలు ఎట్లున్నాయి, మా అక్క మోకాళ్ళు ఎట్లున్నాయి. మాటలన్నీ ఇవే. అతని అక్క రమణమ్మ వాళ్ళింట్లోనే ఉండేది. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చింది.

రెండేళ్ళు గడిచాక పెంచలమ్మకు సెలవు దొరికింది. ఫోనులో చెప్పింది. రాత్రి ఒకటిన్నరకు ఎక్కి పొద్దున ఎనిమిదిన్నరకు మద్రాసులో దిగుతానంది. అతను ఫోను పెట్టేసి సంతోషంగా రోడ్డు దాటాడు. కొట్లోకి వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. తొక్కలేదు. వేళ్ళు మడిచి చూసుకోవడం నాకు ఇక్కడికి కనిపించింది. మళ్ళీ మొదటి నుంచి మడిచాడు.

మర్నాడు రమణమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఓబులేసు మద్రాసు వెళ్ళాడు. కొట్లో ఎవరూ లేరు, తలుపు తీసి ఉంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

"పోయేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు ఏడా?" అంది రమణమ్మ. "అదే దారి గదరా?"

"విమానం గదక్కా. దారి మారుతుందేమో."

"తిరపతికి పోయే బస్సు వచ్చేటప్పుడు ఏడు గంటలు వచ్చిందా ఎన్నడన్నా? మధ్యలో నాలుగున్నర గంటలు యాడన్నా దిగిందేమో అడుగు. రాత్రిపూట. అడగడంలో తప్పేముంది?"

ఆ బెంచీ సరిగ్గా నా కింద ఉంది. అరగంట కూర్చున్నారు. నా పక్క గడియారం పది దాటింది. నేను ఏడున్నర దాటాను. రెండింటి టిక్కు టిక్కు మధ్యనే వాళ్ళు ఆ నాలుగున్నర గంటలను వెతుకుతున్నారు. గడియారానికి నోరు లేకపోవడం మామూలు విషయమే. దాని గురించి నేను దిగులుపడింది ఆ ఒక్క పూటే.

పెంచలమ్మ వచ్చిన రోజు మధ్యాహ్నం ఓబులేసు జీపు కొట్టు ముందు ఆగింది. ఇంకో నలుగురు కూడా దిగారు. వాళ్ళ వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. పెంచలమ్మ కొట్లోకి వచ్చి నీళ్ళు తాగుతోంది. చెంగల్రాయుడు రోడ్డు దాటి వచ్చాడు. వెనకాలే రమణమ్మ. అతను భార్యను చూశాడు. ఆమె చిక్కింది. ఆ మాట అనబోయాడనుకుంటాను. రమణమ్మ వెనక నుంచి మోచేత్తో పొడిచింది.

"పోయేటప్పుడు రెండున్నర గంటలే గదా పట్టింది," అన్నాడు. "వచ్చేటప్పుడు ఏడెందుకు పట్టింది? మధ్యలో యాడ దిగినావు?"

పెంచలమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది. అతని వంక చూసింది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది. రెండేళ్ళు నేను చెప్పే టైములో బతికిన మనిషి. కొట్లోకి వచ్చినవాళ్ళలో నన్ను చదవడం తెలిసింది ఆమెకే. చెయ్యెత్తి చూపిస్తే అయిపోయేది. ఆమె చెయ్యి ఎత్తలేదు.

"దిగితే ఇంగ ఎక్కనిస్తారా?" అంది.

ఓబులేసు సంగతి గ్రహించి నవ్వాడు. బెంచీ ఎక్కి నన్ను, నా పక్కదాన్ని కిందికి దించి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"చూడబ్బీ. ఇది మనది, ఇది వాళ్ళది. వాళ్ళకు ఒకటిన్నరంటే మనకు నాలుగు. నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా ఎంత? నాలుగున్నర. అంతే, ఇంగేం లేదు. పోయేటప్పుడు అయిదు గంటలు పట్టింది. వచ్చేటప్పుడే అరగంట తక్కువ. గాలి వెనక నుంచి తోస్తాది."

చెంగల్రాయుడు ఒక గడియారం మీద ఒక వేలు, ఇంకో దాని మీద ఇంకో వేలు పెట్టి చూసుకున్నాడు. అర్థమైంది. అర్థమయ్యాక నవ్వాడు. "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే," అంది పెంచలమ్మ. ఆమె నవ్వలేదు.

సెలవు రెండు నెలలు. ఇంట్లో వండింది, రమణమ్మ మోకాళ్ళకు నూనె రాసింది, పెళ్ళిళ్ళకు పోయింది. అతనితో మాట్లాడవలసినంత మాట్లాడింది. తిరిగి వెళ్ళే రోజు టికెట్ తీసుకోవడానికి ఒక్కతే వచ్చింది.

"అన్నా, ఫోన్ చేస్తాంటా. బాగుండారో లేదో చెప్పు చాలు. ఆయన్ను పిలవద్దు."

"అట్లంటే ఎట్లమ్మా? తెలియక అన్న్యాడు."

"తెలియక అన్న్యాడు. నాకూ తెలుసు. రెండేండ్ల తర్వాత మొకం చూసి మొదట అడిగింది ఆ మాట గదన్నా."

ఓబులేసు టికెట్ ఆమె చేతికిచ్చాడు.

ఆ తర్వాత శుక్రవారాలు నేను విన్నది ఓబులేసు గొంతు ఒక్కటే. "ఆఁ, చెప్పమ్మా. బాగుండాడు. మిషన్ తొక్కుతాండాడు, ఈడికి కనపడతానే ఉండాడు. పిలవమంటావా? సరేలేమ్మా. సరే." చప్పట్లు కొట్టే పని లేకుండాపోయింది. రోడ్డుకు అవతల మిషను ఆగేది. అతను ఫోను వంకే చూస్తుండేవాడు. రిసీవరు కింద పెట్టిన చప్పుడు అక్కడిదాకా వినిపించదు. కానీ పెట్టగానే మిషను మళ్ళీ మొదలయ్యేది.

కొన్నాళ్ళకు అతనే వచ్చి బెంచీ మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఒక రోజు అడిగాడు.

"అన్నా, ఇప్పుడు ఆడ ఎంత?"

"పైన ఉండాది గదబ్బీ, చూడు."

తల ఎత్తి నన్ను చూశాడు. పక్కదాని వంక పోలేదు. రాజంపేటకు వచ్చాక నన్నే చూడాలని నన్ను చూసిన మొదటి మగమనిషి అతను. అయిదు అయింది నాలో. "లేచింటాది," అన్నాడు తనలో తాను. అప్పటికి ఇక్కడ ఏడున్నర. ఎండ కొట్టులోకి వచ్చింది.

పెంచలమ్మ మళ్ళీ సెలవు తీసుకోలేదు. ఆమె పనిచేసే ఇంట్లో పిల్లలు పెద్దవుతున్నారని, ఆమెను వదలడం లేదని ఓబులేసు చెప్పేవాడు. అది ఆమె చెప్పిన కారణం. నిజమో కాదో రాజంపేటలో గోడ మీద ఉన్న నేను చెప్పలేను.

తర్వాత అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. బూత్‌లోకి జనం రావడం మానేశారు. విమాన టికెట్లు కూడా ఎవరికి వాళ్ళు తీసుకోవడం మొదలైంది. ఓబులేసు గది ఖాళీ చేశాడు. నా పక్కదాన్ని ఇంటికి తీసుకెళ్ళాడు. నన్ను ఏం చేయాలో తోచక చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడితే చెంగల్రాయుడు వచ్చాడు.

"అది నాకియ్యన్నా."

"తీసుకోబ్బీ. వెనక చక్రం తిప్పితే మన టైముకు వస్తాది."

"వద్దులే. అట్లనే ఉండనీ."

రోడ్డు దాటాను. అంత దూరమే నా రెండో ప్రయాణం. మిషనుకు ఎదురుగా, తల ఎత్తితే కనపడేటట్టు, నన్ను మేకుకు తగిలించాడు. ఆ కొట్లో వేరే గడియారం లేదు. రవికలు ఇచ్చిపోయినవాళ్ళు మూడింటికి వచ్చి అడిగితే నన్ను చూపించి, "ఇంకా పన్నెండున్నరే గదమ్మా" అనేవాడు. టైలర్లు చెప్పిన టైముకు ఇవ్వరు. ఇతనికి గోడ మీద సాక్ష్యం కూడా ఉండేది.

"అదేం గడియారమో, నువ్వేం మనిషివో," అని విసుక్కుని పోయేవాళ్ళు.

మెల్లగా అతను కూడా నాతోపాటు వెనక నడవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనం నాలుగింటికి తినేవాడు. నాలో అప్పుడు ఒకటిన్నర. అక్కడ ఇంటివాళ్ళంతా తిన్నాక ఆమె తినే వేళ అది. క్యారియరు తీసుకొచ్చిన రమణమ్మ తిట్టేది.

"సల్లారిపోయిన కూడు తింటావేందిరా? ఎవుని కోసం ఈ ఉపాసాలు?"

అతను తల వంచుకుని తినేవాడు. అక్కతో పోట్లాడిందీ లేదు. ఆ రోజు పొడిచిన మోచెయ్యి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. అడిగింది తన నోరే గదా అనుకుని ఉంటాడు. ఒక కొట్లో ఇద్దరం, ఊరికి రెండున్నర గంటలు వెనక. పెద్ద తోడు కాదు. అతను నాతో మాట్లాడేవాడు కాదు, నేను మాట్లాడలేను.

తన సెల్ నంబరును ఓబులేసు ద్వారా ఆమెకు పంపించాడు. ఫోను మిషను మీద, దారపు ఉండల పక్కన పెట్టుకునేవాడు. చాలా శుక్రవారాలు మోగలేదు. మోగిన శుక్రవారం అతను కాజాలు కుడుతున్నాడు.

"ఎవురు?"

అటునుంచి మాట నాకు వినిపించింది. కొట్టు చిన్నది, ఫోను గట్టిది.

"నేనే."

అతను సూది కింద పెట్టాడు. ఎన్నాళ్ళకు, ఎందుకు, ఎక్కడి నుంచి అని ఏదీ అడగలేదు. తల ఎత్తి నన్ను చూశాడు.

"మీకిప్పుడు పదకొండు. వంట మొదలుపెట్టాల గదా నువ్వు," అన్నాడు.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పల్యా. గోడకుండాది."

"ఓబులేసన్న కొట్లోదా?"

"ఊఁ. తెచ్చుకున్యా."

"కూడు తిన్న్యావా?"

"లేదు. నువ్వు తిన్నాక తింటా."

"నేను తినేసరికి నీకు నాలుగవుతాది."

"తెలుసు."

"మనిషివా ఏమన్నానా?" అంది. గొంతులో కోపముంది. ఆ కోపం పాత కోపం కాదు. అతను అది గుర్తుపట్టాడో లేదో తెలియదు గానీ, ఫోను పెట్టాక చాలాసేపు సూది ఎత్తలేదు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఫోను మోగింది. అతను ఏదీ అడిగేవాడు కాదు. ఆమె చెప్పింది వినేవాడు. వస్తావా అని కూడా అడగలేదు. ప్రశ్న అంటేనే భయం పట్టుకుంది అతనికి.

ఆమె చెప్పకుండా వచ్చింది. నాలో ఒకటి దాటింది. బస్టాండు వైపు నుంచి పెట్టె దొర్లించుకుంటూ వచ్చి కొట్టు గుమ్మంలో నిలబడింది. జుట్టు సగం నెరిసింది. అతను మెడలో టేపుతో లేచి నిలబడ్డాడు. దూరం నుంచి వచ్చిన మనిషిని ఎవరైనా మొదట అడిగేది ఎప్పుడు బయల్దేరావని. ఆ మాట అతని నోట్లోనే ఆగిపోయింది.

పెంచలమ్మ లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. అతని వంక చూసింది. ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"రాత్రి ఆడ ఒకటిన్నరకు ఎక్కినా. మనకు అప్పుడు నాలుగు. నాలుగున్నర గంటలు పైన్నే ఉండాం. కిటికీ పక్క సీటు. మబ్బు తప్ప ఏం కనపల్లేదు. మద్రాసులో దిగేసరికి ఎనిమిదిన్నర. పెట్టె కోసం గంటసేపు నిలబడినా. ఆటోలో పోయి బస్సెక్కినా. పుత్తూరు దగ్గర టీకి నిలిపినారు. అందరూ దిగినారు. నేను దిగల్యా."

చెంగల్రాయుడు తల వంచుకున్నాడు. టేపును మెడలోంచి తీసి చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"కోడూరు దాటినాక కండ్లు మూతపడినాయి," అని ఆమె పూర్తి చేసింది. "కండక్టరు లేపినాడు. ఇదో, వచ్చినా. పిల్లోల్లు పెద్దోల్లయినారు. ఇంగ పొయ్యే పనిల్యా."

అతను క్యారియరు తీశాడు. ఇంకా తినలేదు. ఆమె మూత తీసి చూసి, సల్లారిపోయింది, ఇంటికి పోదాం లే అంది. అతను పెట్టె పట్టుకున్నాడు. వెలుతురుండగానే షట్టరు దించడం నేను ఆ కొట్టుకు వచ్చాక అదే మొదటిసారి.

మర్నాడు పన్నెండున్నరకు అతను భోజనానికి ఇంటికి వెళ్ళాడు. ఆ తర్వాతి రోజూ అంతే. నాలో అప్పుడు పదవుతుంది. నన్ను సరిచెయ్యమని రమణమ్మ చెప్పింది. చేస్తాలే అన్నాడు. చెయ్యలేదు. నా మీద కోపమేం లేదు. తల ఎత్తవలసిన అవసరం పోయింది, అంతే. రవికలు అడగడానికి వచ్చినవాళ్ళు టైము తమ ఫోన్లలో చూసుకుంటున్నారు.

నేను ఇంకా నడుస్తున్నాను. అయిదు చూపిస్తాను. ఆ వేళకు లేచే మనిషి అక్కడ లేదు. ఒకటిన్నర చూపిస్తాను. ఆ వేళకు తినే మనిషి అక్కడ లేదు. మూడువేల ఎనిమిదివందల కిలోమీటర్ల అవతల ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరు లేస్తున్నారో, ఎవరు వండుతున్నారో ఈ కొట్లో ఎవరికీ అక్కర్లేదు. నాకు తెలిసిన టైము అదొక్కటే.